కనబడని గాయం – యువ క్రీడాకారుల తలదెబ్బలు, మనోవ్యాకులత

విద్యలో క్రీడలకు గల స్థానాన్ని గూర్చి నేడు ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. ఖమ్మం పెవిలియన్ మైదానం, సర్దార్ పటేల్ స్టేడియం మొదలుకొని కొత్తగూడెం ప్రకాశం స్టేడియం వరకు, ఇల్లెందు, మణుగూరు బొగ్గుగనుల కాలనీలు మొదలుకొని భద్రాచలానికి ఆవల దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల వరకు, పొద్దు వాలేసరికి ఏదో ఒక ఆట సాగుతూనే ఉంటుంది. బొగ్గుబావుల ప్రాంతంలో ఫుట్‌బాల్, వాలీబాల్. గిరిజన గ్రామాలలో కబడ్డీ, విలువిద్య. పట్టణపు వీధులలో క్రికెట్. గిరిజన బాలుర కొరకు కిన్నెరసానిలో ఆదర్శ క్రీడా పాఠశాల కూడా నెలకొల్పబడింది.

ఈ యువకులలో అనేకులకు ఆట కేవలం కాలక్షేపం కాదు. ఆటల కోటాలో ఒక సీటు, పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఒక ఉద్యోగం, ఊరిలో ఒక గౌరవం – ఇవన్నీ ఆ ఆటను ఆశ్రయించుకొని ఉంటాయి. పేదయింటి బిడ్డకు చదువు ఒక ద్వారమైతే ఆట రెండవ ద్వారం. కొందరికి అదే మొదటి ద్వారం. అందువల్ల దెబ్బ తగిలినా చెప్పకుండా ఆడేవారు ఉన్నారు. చెప్పితే జట్టులో చోటు పోతుందని వారి భయం.

కాలు విరిగితే కట్టు కడతారు. ఆ కట్టును చూచి నలుగురూ పలకరిస్తారు. మూడు నెలలు ఆడకున్నా ఎవరూ తప్పుపట్టరు. తల అదిరిన ఆటగానికి కట్టు ఉండదు. వాపు లేదు, రక్తం లేదు. వారం తరువాత అతడు తలనొప్పి అంటే సాకు అంటారు; చదువు తలకెక్కడం లేదంటే సోమరితనం అంటారు; చీటికి మాటికి కోపగించుకుంటే పొగరు అంటారు; మౌనంగా మూల కూర్చుంటే అసలు గమనించరు. కనబడని గాయాన్ని నమ్మకపోవడం వలన కలిగే నష్టం ఆ గాయం వలన కలిగే నష్టానికి తోడవుతున్నది. ఈ రెండవ నష్టాన్ని నివారించుట మన చేతిలో ఉన్నదని చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మెదడు అదురుట అనగానేమి?

మానవుని మెదడు సుమారు కిలో మూడువందల గ్రాముల నుండి కిలో నాలుగువందల గ్రాముల బరువు గల మెత్తని అవయవం. గట్టి పుర్రె లోపల, ద్రవంలో తేలుతున్నట్లుగా అమరి ఉంటుంది. నీళ్ళబిందెతో వడివడిగా నడుస్తూ ఒక్కసారి ఆగితే బిందె ఆగుతుంది గాని లోపలి నీరు వెంటనే ఆగదు. అంచుకు కొట్టుకొని తొణుకుతుంది. వేగంగా కదిలే తల హఠాత్తుగా ఆగినప్పుడు, లేదా గిర్రున తిరిగినప్పుడు మెదడుకు కలిగే స్థితి ఇటువంటిదే. సన్నని నాడీతంతువులు సాగుతాయి. కణాల లోపల, వెలుపల ఉండవలసిన లవణాల సమతౌల్యం చెదరుతుంది. దానిని చక్కదిద్దుకొనుటకు కణాలకు అదనపు శక్తి కావలసి వస్తుంది. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసారం తగ్గవచ్చును. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారం వలె మెదడు కొన్ని దినాలు ఇబ్బంది పడుతుంది. ఈ స్థితిని వైద్యులు కంకషన్ అంటారు. మనం మెదడు అదురు అని చెప్పుకోవచ్చును.

దీనిని గూర్చి మూడు అపోహలు ఉన్నవి. మొదటిది, స్పృహ తప్పితేనే తలదెబ్బ అనుకొనుట. మెదడు అదిరినవారిలో అధిక సంఖ్యాకులకు స్పృహ తప్పదు. రెండవది, తలకే దెబ్బ తగలాలనుకొనుట. ఛాతీకో భుజానికో బలమైన తాకిడి తగిలి తల ఊగినా మెదడు అదరవచ్చును. మూడవది, స్కాను బాగున్నది గనుక ఏమీ లేదనుకొనుట. సి.టి. స్కాను రక్తస్రావాన్ని, ఎముక విరుగుటను చూపుతుంది. కంకషన్‌లో స్కాను సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కాబట్టి స్కాను బాగుండుట శుభవార్తయే గాని, ఆటకు అనుమతిపత్రం కాదు.

హెల్మెట్టు విషయంలో కూడా ఇటువంటి భ్రమ కలదు. హెల్మెట్టు పుర్రె పగలకుండా కాపాడుతుంది, ప్రాణాలు నిలుపుతుంది, బంతిని ఎదుర్కొనేవారూ, మోటారు సైకిలు మీద ఆటకు వెళ్ళివచ్చేవారూ దానిని తప్పక ధరించవలెను. కాని పుర్రె లోపల మెదడు ఊగుటను అది పూర్తిగా ఆపలేదు.

మన ప్రాంతపు ఆట అయిన కబడ్డీని తీసుకొందాం. కూతకు వెళ్ళినవాడు గీతను అందుకొనుటకు తలను ముందుకు చాచి దూకుతాడు. పట్టేవాడు అతని తొడను చుట్టుకొనుటకు తల వంచి చొచ్చుకొనిపోతాడు. ఒకని మోకాలు మరొకని కణతకు తగులుట, ఇద్దరి తలలు ఢీకొనుట, నలుగురైదుగురు మీద పడగా కింది వాని తల గట్టినేలకు కొట్టుకొనుట – ఇవి ఈ ఆటలో జరుగుతూనే ఉంటాయి. లేచి మట్టి దులుపుకొని మళ్ళీ కూతకు పోయినవానికి చప్పట్లు కొట్టడం మనకు అలవాటు. ఆ చప్పట్లలోనే ప్రమాదం దాగి ఉన్నది. మొదటి అదురు తగ్గకముందే రెండవ దెబ్బ తగిలితే అది చిన్నదైనా సరే, మెదడు ప్రమాదకరంగా వాచి ప్రాణాపాయం కలిగిన సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నవి. అవి అరుదు, కాని అటువంటి దుర్ఘటనలు ముఖ్యంగా కౌమార, యౌవన ప్రాయంలోని వారికే సంభవించినవి.

చరిత్ర నేర్పిన పాఠాలు

1962 మార్చిలో భారత క్రికెట్ నాయకుడు నారీ కాంట్రాక్టరుకు బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి పుర్రె పగిలింది. శస్త్రచికిత్సలు జరిగినవి. వెస్టిండీస్ నాయకుడు ఫ్రాంక్ వొరెల్ స్వయంగా రక్తం ఇచ్చాడు. కాంట్రాక్టరు బ్రతికాడు, కాని మరల టెస్టు ఆడలేదు.

1998 ఫిబ్రవరి 20న ఢాకాలో రమణ్ లాంబా హెల్మెట్టు లేకుండా బ్యాట్స్‌మన్‌కు అతి సమీపంలో నిలబడి ఫీల్డింగు చేస్తుండగా బంతి తలకు తగిలింది. అతడు తన కాళ్ళ మీదనే నడచి డ్రెస్సింగు గదికి వెళ్ళాడు. తరువాత పరిస్థితి విషమించింది. మూడు దినాలకు, 23వ తేదీన మరణించాడు. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరేటప్పుడు మొదట కొంతసేపు మనిషి బాగానే ఉన్నట్లు కనబడవచ్చునన్న వైద్యసత్యానికి ఇది విషాదకరమైన ఉదాహరణ. ‘లేచి నడిచాడు గదా’ అన్నది ఎన్నడూ ధైర్యం చెప్పే మాట కాకూడదు.

మన హైదరాబాదు కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఉపాధ్యాయుడుగా జీవితం ఆరంభించి భారత ఫుట్‌బాల్‌కు మహాశిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలను దేశానికి సంపాదించి పెట్టారు. 1962లో జకార్తాలో రక్షణ వరుస ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అతనిని రహీం సాహెబు ముందువరుసకు మార్చారు. కుట్లు పడిన తలతోనే అతడు సెమీ ఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ గోలు చేశాడు. దక్షిణ కొరియాపై 2–1 తేడాతో భారత్ గెలిచింది. ఆ ధైర్యాన్ని మనం ఆరు దశాబ్దాలుగా కీర్తిస్తున్నాం. కీర్తించవలసినదే. ఆనాటికి తలదెబ్బలను గూర్చి నేటి జ్ఞానం ఎవరికీ లేదు. కాబట్టి ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. కాని నేడు అదే పనిని ఒక కళాశాల విద్యార్థి చేత చేయించుట ధైర్యం అనిపించుకోదు.

అదే బంగారు జట్టులో హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కూడా ఆడిన ఆయనకు 1966లో అర్జున పురస్కారం లభించింది. తరువాతి కాలంలో ఆయన పార్కిన్సన్ వ్యాధితో బాధపడి 2006లో కన్నుమూశారు. ఆటలో పలుమార్లు తలకు తగిలిన దెబ్బలే అందుకు మూలమని క్రీడాలోకం చెప్పుకొన్నది. ఒక్క మనిషి విషయంలో ఇదే కారణమని శాస్త్రం నిర్ధారించి చెప్పజాలదు. అయినా, పతకం సాధించిన రోజున మనం లెక్కపెట్టని వెల ఒకటి ఉండవచ్చునని ఆ జీవితం గుర్తుచేస్తున్నది.

పరిశోధనలు ఏమి చెబుతున్నవి?

1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ ముష్టియోధులలో కొందరికి కాలక్రమేణా నడక తూలుట, మాట తడబడుట, బుద్ధి మందగించుట కలుగుతున్నదని వైద్యపత్రికలో ప్రకటించాడు. 2002లో మరణించిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పరీక్షించిన బెన్నెట్ ఒమాలు, ముష్టియుద్ధం చేయనివారిలోనూ ఇటువంటి వ్యాధి కలుగవచ్చునని 2005లో లోకానికి తెలిపాడు. దీనిని సి.టి.ఇ. అని వ్యవహరిస్తారు. ఇది ఒక్క పెద్ద దెబ్బ కంటె, ఏండ్ల తరబడి తగిలే అనేకమైన చిన్నా పెద్దా దెబ్బలతో ముడిపడిన వ్యాధి. మరణానంతరం మెదడును పరీక్షించినప్పుడే నిశ్చయంగా తెలుస్తుంది.

2019లో గ్లాస్గో వైద్యులు స్కాట్లండు దేశపు పూర్వ ఫుట్‌బాల్ వృత్తి క్రీడాకారులు 7,676 మంది జీవితాలను పరిశీలించి, మెదడు క్షీణించే వ్యాధుల వలన కలిగే మరణాలు వారిలో ఇతరుల కంటె సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని కనుగొన్నారు. ఆ మరుసటి సంవత్సరం ఇంగ్లండు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండులలో చిన్నపిల్లల శిక్షణలో బంతిని తలతో కొట్టించుట మాన్పించారు.

మన విద్యార్థుల వయస్సుకు దగ్గరగా ఉన్న పరిశోధన 2023లో బోస్టన్ విశ్వవిద్యాలయం నుండి వెలువడింది. తలకు దెబ్బలు తగిలే ఆటలు ఆడి, ముప్పది ఏండ్లు నిండకముందే మరణించిన 152 మంది మెదళ్ళను పరీక్షించగా 63 మందిలో సి.టి.ఇ. లక్షణాలు కనిపించినవి. ఈ అంకెను చూచి భయపడనవసరం లేదు. ఎందుకంటే అవి కుటుంబాలు అనుమానంతో, దుఃఖంతో పరిశోధనకు అప్పగించిన మెదళ్ళు. ఆడేవారందరికీ ఆ నిష్పత్తి వర్తించదు. అంతకంటె మనకు ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఆ యువకుల మరణకారణాలలో ఆత్మహత్య ప్రథమ స్థానంలో ఉన్నది, కాని సి.టి.ఇ. ఉన్నవారికీ లేనివారికీ ఈ విషయంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. దిగులు, నిరాసక్తత రెండు వర్గాలలోనూ ఉన్నవి. అనగా, మెదడులో నయంకాని వ్యాధి ఉన్నందువల్లనే వారు కుంగిపోయారని చెప్పుటకు వీలులేదు. ఆ కుంగుబాటులో చికిత్సకు లొంగే భాగం చాలా ఉన్నదన్నమాట. ‘నా మెదడు పాడైపోయింది, ఇక నాకు దారి లేదు’ అని ఏ యువకుడూ అనుకోనవసరం లేదు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కంకషన్ కలిగిన పెద్దలను ఏండ్ల తరబడి గమనించి 2016లో ప్రకటించిన మరొక పరిశోధనలో, సామాన్య జనులతో పోల్చితే వారిలో ఆత్మహత్యలు సుమారు మూడు రెట్లు ఉన్నట్లు తేలింది. అయినను, దెబ్బ తగిలిన వారిలో అత్యధికులు ఏ ప్రమాదమూ లేకుండా కోలుకున్నారు. ఆత్మహత్యకు ఎన్నడూ ఒకే కారణం ఉండదు. తలదెబ్బ అనేక కారణాలలో ఒకటి కావచ్చును. అది తగిలినవారిని కొంతకాలం కనిపెట్టి ఉండవలెనన్నదే ఇందులోని నీతి.

దెబ్బకూ దిగులుకూ గల సంబంధం

ఈ సంబంధం మూడు దారులలో కలుగుతుంది. మొదటిది శరీరం దారి. నిద్ర, కోపం, ఉత్సాహం, ఏకాగ్రత – వీటిని నడిపే అవయవం మెదడే. అది అదిరినప్పుడు కొన్ని వారాలు నిద్ర చెడుట, చిరాకు కలుగుట, ఏడుపు వచ్చుట స్వభావదోషం కాదు, గాయ లక్షణం.

రెండవది పోగొట్టుకొనుట అనే దారి. నిన్నటివరకు ‘మన కళాశాల రైడరు’ అని పిలిపించుకొన్నవాడు నేడు గది దాటి రాడు. తెల్లవారుజామున లేచి పరుగెత్తుట, తోటివారితో కలిసి తినుట, పోటీకి బస్సులో పోవుట – ఆటతో పాటు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆట పోయిన తరువాత తానెవరన్న ప్రశ్నకు జవాబు దొరకదు. మూడవది ఆందోళన దారి. ‘వచ్చే ఎంపికలలో నన్ను తీసుకొంటారా? ఇంటివారికి ఏమి చెప్పను? పరీక్షలు ఎట్లా వ్రాయను?’ అన్న ఆలోచనలు అతనిని నిద్రపోనీయవు.

తలకు దెబ్బ తగలనివారికి కూడా ఈ చివరి రెండు దారులు తెరచియే ఉంటాయి. 2008లో బీజింగులో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా, ఆ విజయం తరువాత తాను కుంగుబాటుకు లోనైన సంగతి బహిరంగంగా చెప్పాడు. 2009–2011 మధ్య తనకు ఆత్మహత్య తలపులు వచ్చినవనీ, సహాయం తీసుకొని బయటపడ్డాననీ క్రికెటరు రాబిన్ ఉతప్ప 2020లో వెల్లడించాడు. 2014 ఇంగ్లండు పర్యటనలో తాను కుంగిపోయిన విషయాన్ని విరాట్ కోహ్లీ కూడా చెప్పాడు. వీరిని పిరికివారని ఎవరనగలరు?

మన తెలంగాణ బిడ్డ, నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2017లో భుజం గాయపడి దాదాపు ఒక సంవత్సరం ఆటకు దూరమైంది. కోలుకొని 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది. ఏడాది పోతే జీవితం పోదని ఆమె ప్రయాణం చాటుతున్నది. భుజానికి ఇచ్చిన ఆ ఏడాదిని తలకు ఇచ్చుటకు మనం ఎందుకు సందేహించాలి?

గుర్తించుట ఎట్లు?

మన భాషలలో శరీరబాధకు మాటలు ఎన్నో ఉన్నవి. మనోబాధకు ఉన్న మాటలను మనం తేలికగా వాడుతాం. తెలుగులో దిగులు, కుంగుబాటు, మనోవ్యాకులత; ఉర్దూలో ఉదాసీ, అఫ్సుర్దగీ. ‘జర ఉదాస్ హై’ అని ఒకరు, ‘వాడికేదో గాలి సోకింది’ అని మరొకరు అని ఊరుకుంటారు. ఒక దినం ఉదాసీ వేరు, వ్యాధిగా మారిన కుంగుబాటు వేరు. రెండు వారాలకు మించి, దాదాపు ప్రతిదినం మనస్సు భారంగా ఉండుట, ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి పోవుట, నిద్ర, ఆకలి తగ్గుట లేక పెరుగుట, అలసట, తాను ఎందుకూ పనికిరాననే భావన, ఏకాగ్రత లోపించుట, చావును గూర్చిన తలపులు – వీటిలో కొన్ని కలిసి కనిపిస్తే అది వైద్యునికి చూపవలసిన వ్యాధి. యువకులలో అది దుఃఖంగా కాక కోపంగా, కలహంగా, మద్యపానంగా బయటపడవచ్చును.

‘నేను లేకుంటే మీకందరికీ సుఖం’ అనుట, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టుట, వీడ్కోలు చెప్పినట్లు మాట్లాడుట, అందరినీ తప్పించుకొని తిరుగుట – ఇవి వెంటనే పట్టించుకోవలసిన సూచనలు. అప్పుడు ‘నీకు చనిపోవాలనిపిస్తున్నదా?’ అని ప్రేమతో, నేరుగా అడగవచ్చును. అడిగినందువల్ల ఆ తలపు కొత్తగా పుట్టదని పరిశోధనలు తెలిపినవి. పైగా మోస్తున్న బరువు కొంత దిగుతుంది. అట్లా చెప్పినవానిని ఒంటరిగా వదలకూడదు. ఉపదేశం చేయకూడదు, వినవలెను. పురుగుమందులు, అధిక మోతాదు మాత్రలు వంటివి చేతికి అందకుండా చూడవలెను. ‘ఎవరికీ చెప్పకు’ అని మాట తీసుకొన్నా, ప్రాణం కంటె ఆ మాట పెద్దది కాదు, పెద్దలకు చెప్పితీరవలెను.

ఆత్మహత్య పాపమని మన మతాలన్నీ బోధిస్తున్నవి. ఆ బోధ జీవితాన్ని కాపాడుటకే గాని బాధపడేవాని నోరు మూయుటకు కాదు. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదనీ, దానిని వెదకుట ధర్మమనీ ఇస్లాం సంప్రదాయంలోనూ చెప్పబడింది. మానసిక వైద్యుని వద్దకు వెళ్ళుట విశ్వాసలోపం కాదు. చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, శిక్షకు బదులు సంరక్షణ కల్పించవలెనని నిర్దేశించింది. ‘పోలీసు కేసు అవుతుంది’ అన్న భయంతో దాచిపెట్టనవసరం లేదు.

మన కర్తవ్యం

మైదానంలో: తలకు దెబ్బ తగిలి, తికమక, మైకం, తలనొప్పి, వాంతి భావన, చూపు మసకబారుట, మతిమరపు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ఆటగాడు ఆ దినం మరల ఆడకూడదు. అనుమానం ఉన్నా ఆడకూడదు. ఇది ప్రపంచ క్రీడావైద్యులు అంగీకరించిన సూత్రం. అమెరికాలో 2006లో ఒక పదమూడేండ్ల బాలుడు తలదెబ్బ తరువాత అదే దినం మళ్ళీ ఆడి తీవ్రంగా వికలాంగుడైన పిమ్మట, వాషింగ్టన్ రాష్ట్రం 2009లో దీనిని చట్టం చేసింది. క్రికెట్‌లో 2019 ఆగస్టు నుండి తల అదిరిన ఆటగాని స్థానంలో మరొకరిని ఆడనిస్తున్నారు. ఆ నిబంధన వలన ఆటగానికి ‘నేను తప్పుకొంటే జట్టు ఓడిపోతుంది’ అన్న సంకటం తప్పింది.

తలనొప్పి పెరుగుతూ ఉన్నా, మాటిమాటికి వాంతులైనా, మూర్ఛ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, చేయి కాలు స్వాధీనం తప్పినా, మెడ తీవ్రంగా నొప్పి పెట్టినా, ముక్కు చెవుల నుండి రక్తం గాని నీరు గాని కారినా క్షణం ఆలస్యం చేయక 108కు ఫోను చేయవలెను. చర్ల నుండి భద్రాచలం ఆసుపత్రికి సుమారు 60 కిలోమీటర్ల దూరం. అడవి అంచున ఆటలపోటీ పెట్టేటప్పుడు కప్పులు, దండలు సిద్ధం చేసుకొన్నట్లే ఒక వాహనాన్ని కూడా ముందే సిద్ధం చేసుకోవలెను. దెబ్బ తగిలిన రాత్రి అతనిని గదిలో ఒంటరిగా వదలరాదు, బండి నడపనీయరాదు.

తరగతిలో, వసతిగృహంలో: మొదటి ఒకటి రెండు దినాలు తేలికపాటి విశ్రాంతి చాలును, సెల్‌ఫోను చూచుట తగ్గించవలెను. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టే పాతపద్ధతిని వైద్యులు నేడు సమర్థించడం లేదు. తరువాత మెల్లగా నడక, చదువు. ఆపైన తేలికపాటి పరుగు, ఒంటరి సాధన, తాకిడి లేని శిక్షణ. వైద్యుని అనుమతితో తాకిడి గల సాధన, చివరకు పోటీ. ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక్కొక్క దినం. బాధ తిరిగి హెచ్చితే ఒక మెట్టు దిగవలెను. చాలామందికి నాలుగు వారాలలోపు నయమవుతుంది. ఆ నాలుగు వారాలు అధ్యాపకులు నోట్సు అందించి, పరీక్ష విషయంలో కొంత గడువు ఇచ్చినట్లయితే ఆ విద్యార్థికి సగం దిగులు తీరుతుంది.

జట్టులో: ఆడలేనివానిని జట్టు నుండి వెలివేయరాదు. స్కోరు వ్రాయుట, చిన్నవారికి మెళకువలు చెప్పుట, జట్టుతో ప్రయాణం చేయుట – ఏదో ఒక పని అతనికి ఉండవలెను. సాయంత్రం మైదానానికి రమ్మని పిలిచే ఒక్క మిత్రుడు ఎంతో మేలు చేయగలడు.

పాలకవర్గానికి: జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారు. విశాఖపట్నంలో చదువుకొంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది లేక అంతకు మించిన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల సలహాదారు ఒకరైనా ఉండవలెను. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవలెను. అధ్యాపకులకు, సిబ్బందికి సంవత్సరానికి రెండుసార్లు శిక్షణ ఇప్పించవలెను. సహాయ ఫోను నెంబర్లు అందరికీ కనబడేటట్లు వ్రాయించవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ఆరంభించిన టెలిమానస్ నెంబరు 14416. రాత్రింబగళ్ళు పనిచేసే ఈ సేవకు రుసుము లేదు; తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో మాట్లాడవచ్చును.

వీటికి తోడు మూడు చిన్న నియమాలను మన కళాశాల స్వయంగా పెట్టుకోవచ్చును. ఒకటి, తలకు దెబ్బ తగిలిన ఆటగానిని బయటకు పిలిచే అధికారం వ్యాయామోపాధ్యాయునికి ఉండవలెను. గెలుపు ఓటములను బట్టి ఆయనను ఎవరూ ప్రశ్నించరాదు. రెండు, తలదెబ్బల కొరకు ఒక పుస్తకం పెట్టి తేదీ, లక్షణాలు, తిరిగి ఆడిన దినం వ్రాయవలెను. నెల తరువాత ఆ విద్యార్థిని పిలిచి నిద్ర, చదువు, మనస్సు ఎట్లున్నవో అడుగవలెను. మూడు, గాయం వలన ఆడలేనివాని పేరు ఆ సంవత్సరం జట్టు జాబితా నుండి తీసివేయరాదు. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. మూడవ నియమం ఉన్నట్లయితే మొదటి రెండూ వాటంతటవే అమలవుతాయి. ఎందుకంటే చోటు పోదని తెలిసినవాడు దెబ్బను దాచుకోడు.

ఆటలు మానమని చెప్పుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. క్రమమైన వ్యాయామం కుంగుబాటును తగ్గిస్తుందని వైద్యశాస్త్రమే చెబుతున్నది. అడవి అంచున పెరిగే మన పిల్లలకు ఆట ఇచ్చే ఆనందం, ఆత్మవిశ్వాసం మరొకటి ఇవ్వలేదు. విద్యార్థి మిత్రులారా, తలకు దెబ్బ తగిలితే చెప్పండి. మనస్సుకు తగిలినా చెప్పండి. పక్కవాడు చెప్పినప్పుడు నమ్మండి. ఈ సంవత్సరపు ఆటలపోటీలు ఆరంభం కాకముందే పై మూడు నియమాలను మన క్రీడాసంఘం సమావేశంలో చర్చించి ఆమోదించవలసినదిగా కోరుతున్నాను.